ఇంటర్వెల్‌కి ముందే మరిగిన కారు

ఫిల్మ్‌నగర్‌లో కథను ఓకే చేసే పద్ధతులు చాలా ఉన్నాయి. కొందరు నిర్మాతలు కథ విని, నచ్చితే ఓకే చేస్తారని ఒక పుకారు ఉంది గాని, అలాంటివాళ్ళను కళ్ళారా చూశామన్నవాళ్ళు ఇంతవరకూ దొరకలేదు. కొందరు హీరో జాతకంతో కథ పేరు కలిపి చూస్తారు. కొందరు బావమరిదికి వినిపిస్తారు. బావమరిది ఇంటికెళ్ళి భార్యకు చెబుతాడు. ఆవిడ ఆవులించకపోతే అడ్వాన్సు చేతికొస్తుంది. అచ్యుతరామయ్యగారిది మాత్రం కారు పద్ధతి.

ఆ కారు తెల్లది, పాతది. ఆయన తన మొదటి సినిమా కథ వింటున్న రోజున ఆఫీసులో కరెంటు పోయింది. ఉక్కపోతకు తాళలేక డైరెక్టర్నీ హీరోనీ తీసుకెళ్ళి కారులో కూర్చుని, ఇంజిన్ ఆన్ చేసి, ఏసీ పెట్టుకుని మిగతా కథ విన్నారు. ఆ సినిమా ఆడింది. మామూలుగా ఆడలేదు, జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టించేంతగా ఆడింది. కరెంటు పోవడం వల్ల జరిగిన పని ఆ రోజు నుంచీ ఆనవాయితీ అయి కూర్చుంది. కథ ఎవరు చెప్పినా ఆ కారులోనే చెప్పాలి. కారు ఆఫీసు ముందు తూర్పుముఖంగా నిలబడాలి. కదలకూడదు, ఇంజిన్ మాత్రం నడుస్తూనే ఉండాలి. కథ మధ్యలో ఇంజిన్ ఆగితే సినిమా ఆగినట్టే. దీనికి తోడు, కథ లేకుండా ఊరికే నిలబెట్టి ఇంజిన్ తిప్పకూడదని ఆయనకు ముహూర్తాలు పెట్టే సిద్ధాంతిగారు ఒక ఉపనియమం చేర్చారు. అలా తిప్పితే కారులో ఉన్న యోగమంతా పొగగొట్టంలోంచి పోతుందట. ఆ తర్వాత అదే కారులో, అదే తూర్పుముఖంగా విన్న సినిమాలు వరసగా చతికిలబడ్డాయి. వాటి సంగతి ఎవరూ ఎత్తరు. ఆడితే కారు మహిమ, పోతే డైరెక్టరు ఖర్మ.

ఆ కారు ముందు సీట్లో కూర్చుని, మెడ వెనక్కి తిప్పి కథ చెప్పే అదృష్టం ఇన్నాళ్ళకు కమలాకర్‌కి పట్టింది. కమలాకర్ కో-డైరెక్టరు. కో-డైరెక్టరంటే డైరెక్టరు నిద్ర లేచేదాకా డైరెక్టరు, లేచాక అందరికీ లోకువ. షాటు ఆలస్యమైతే తిట్లు ఇతనికి, షాటు బాగుంటే చప్పట్లు ఇంకెవరికో. అచ్యుతరామయ్యగారు ప్రతి సినిమాకీ షూటింగ్ పూర్తయి గుమ్మడికాయ కొట్టే రోజున "నెక్స్ట్ నువ్వేనయ్యా" అంటూ వచ్చారు. ఆ మాట పట్టుకుని వేలాడుతుండగానే కమలాకర్ జుట్టు నెరిసిపోయింది. రంగు వేసుకున్నాడు, ఆ రంగు కూడా వెలిసిపోయింది.

కథ మాత్రం వెలిసిపోలేదు. పుట్టగానే తల్లిని పోగొట్టుకున్న కుర్రాడు ఒకడు. వాళ్ళమ్మ గొంతు అచ్చం ఫలానా సినిమాలో హీరోయిన్ గొంతులా ఉండేదని మేనత్త చెబుతుంది. వాడు ఆ గొంతు వెదుక్కుంటూ హైదరాబాదు వస్తాడు. హీరోయిన్ నోరు విప్పితే అది వేరే గొంతు. చివరికి ఆ గొంతు కృష్ణానగర్‌లో ఒక ఇరుకింట్లో ఉంటున్న ఉదయశ్రీ అనే డబ్బింగ్ ఆర్టిస్టుదని తెలుసుకుంటాడు. వెళ్ళి, ఆమె ముందు నిలబడి, ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలవండి అంటాడు. అక్కడ ఇంటర్వెల్.

ఉదయశ్రీ ఎవరో కృష్ణానగర్‌లో అందరికీ తెలుసు. కమలాకర్ భార్య శాంతే. మన సినిమాల్లో ఎంతమంది హీరోయిన్లు ఆమె గొంతుతో ప్రేమించారో, ఏడ్చారో, విలన్ని ఛీ కొట్టారో ఆమెకే గుర్తు లేదు. తెర మీద ఆమె పేరు పడేసరికి జనం బండి తాళాలు వెతుక్కుంటూ ఉంటారు. శాంతది సిద్దిపేట. మైకు ముందు "నన్ను వదిలేసి వెళ్ళిపోతావా?" అని తేనె పోసినట్టు చెప్పి, బయటికొచ్చి "అన్నం తిందమా, ఆకలైతాంది" అనే మనిషి. తన సొంత యాసలో ఒక్క డైలాగు కూడా ఏ సినిమాలోనూ చెప్పలేదు. ఎవరూ చెప్పమనలేదు. కథలో ఉదయశ్రీ మాత్రం తన యాసలోనే మాట్లాడుతుంది, ఆ పాత్ర శాంతే వేస్తుంది. కమలాకర్ ఆ డైలాగులు రాస్తున్నప్పుడు శాంత పక్కన కూర్చుని, "గిట్ల మేమనం. ఇటియ్యి, నేను జెప్త" అని దిద్దిపెట్టింది. అది కథ కాదు, ఆమెకు అతను ఇచ్చిన మాట. అతనికి డైరెక్షన్ ఎంత కావాలో, ఆ పాత్ర తెర మీదికి రావడం కూడా అంతే కావాలి.

మొదటి నెరేషన్‌కి హీరో విహారి వచ్చాడు. పోస్టర్ల మీద యువజ్వాల విహారి. ఆ బిరుదు ఎవరిచ్చారని అడగకూడదు, పోస్టర్ డిజైనరు ఇబ్బంది పడతాడు. వరసగా సినిమాలు పోవడం వల్ల బాబుగారి దగ్గర డేట్లు దండిగా ఉన్నాయి. వెనక సీట్లో ఒక పక్క విహారి, ఒక పక్క అచ్యుతరామయ్యగారు, స్టీరింగు ముందు డ్రైవరు జేవియర్. కమలాకర్ మెడ తిప్పి కథ మొదలుపెట్టాడు.

కుర్రాడు వచ్చాడు, ఫైటు అయింది, పాట అయింది. ఏసీలోంచి చల్లగాలి పోయి వెచ్చగాలి మొదలైంది. విహారి ఫోన్‌తో విసురుకోవడం మొదలుపెట్టాడు. కమలాకర్ గొంతు తగ్గించి, "ఇరుకు మెట్లు బాబూ... తలుపు తెరుచుకుంటుంది... ఉదయశ్రీ..." అన్నాడు.

"సార్, టెంపరేచరు ముల్లు ఎర్రగీత దాటేసిందండి. ఆపకపోతే ఇంజిను పోద్దండి," అన్నాడు జేవియర్.

"కథ మధ్యలో ఆపుతావురా! నోర్మూసుకో," అన్నారు అచ్యుతరామయ్యగారు.

జేవియర్ నోరు మూసుకున్నాడు, రేడియేటరు మూసుకోలేదు. బానెట్ సందుల్లోంచి బుస్సుమని ఆవిరి లేచింది. అద్దం ముందు ఏమీ కనబడలేదు. బాబుగారు తలుపు తోసుకుని రోడ్డు అవతలికి దూకారు. సినిమాల్లో పేలుతున్న కార్ల ముందు నుంచి నడుచుకుంటూ వచ్చే మనిషి కదా, ఆ మాత్రం వేగం ఉంటుంది. జేవియర్ ఇంజిన్ ఆపేశాడు.

ఇంకెవరైనా అయితే కారుకేమయిందని అడుగుతారు. అచ్యుతరామయ్యగారు రోడ్డు మీద నిలబడి ఆ ఆవిరి వంక కాసేపు చూసి, "ఏవయ్యా కమలాకర్, ఆ ఆడమనిషి ఎంటరవగానే పొగ లేచింది, గమనించావా?" అన్నారు.

సిద్ధాంతిగారు కూడా గమనించారు. ఆయన అప్పుడు అక్కడ లేరు, ఫోన్‌లోనే గమనించారు. ఆ పాత్రలో అగ్నితత్వం ఉందని, దాన్ని తీసేస్తే కారు చల్లబడుతుందని తేల్చారు. "ఒక్క పాత్రే కదయ్యా," అన్నారు అచ్యుతరామయ్యగారు. కమలాకర్‌కి అది ఒక్క పాత్ర కాదు. అయినా సరేనన్నాడు. ముందు కథ ఓకే కానీ, షూటింగ్‌లో మెల్లగా చేర్చుకోవచ్చులే అనుకున్నాడు. ఇంటికి వెళ్ళాక శాంత, "ఏమన్నరు? ఉదయశ్రీ నచ్చిందా?" అని అడిగితే, "కారు ఖరాబైంది, సగంల ఆగింది" అన్నాడు. అది అబద్ధం కాదు. అందుకే మరీ సిగ్గేసింది.

జేవియర్ కారును యూసుఫ్‌గూడలో తనకు తెలిసిన షెడ్డుకి తీసుకెళ్ళాడు. మెకానిక్ అడగవలసినవన్నీ అడిగాడు. రోడ్డు మీద పోతుంటే వేడెక్కుతుందా? లేదండి, ఐసుముక్క లాగుంటది. మరెప్పుడు వేడెక్కుతుంది? కథ చెప్తుంటేనండి. మెకానిక్ జేవియర్ నోటి దగ్గర వాసన చూశాడు. అలాంటిదేమీ లేదని తెలుసుకుని, "అయితే జరసేపు నిలబెట్టి ఇంజిన్ నడువనీ, సూస్త" అన్నాడు. అదొక్కటే కుదరదని, కథ లేకుండా ఊరికే ఇంజిన్ తిప్పితే అయ్యగారు ఉద్యోగం ఊడబీకుతారని జేవియర్ చెప్పాడు. రోగిని చూడకుండా మందివ్వమంటే ఏ వైద్యుడైనా ఏం చేస్తాడు? కూలెంటు మార్చాడు. థర్మోస్టాటు మార్చాడు. రేడియేటరు మూత మార్చాడు. కారు ఎప్పటిలాగే చల్లగా ఫిల్మ్‌నగర్ గుట్టెక్కి వచ్చింది.

రెండో నెరేషన్. ఉదయశ్రీ లేదు. ఆమె లేకపోయేసరికి ఆ చోటికి మేనత్త ఫ్లాష్‌బ్యాక్ జరిగి వచ్చింది. ఇంజిన్‌కి కథతో పనేముంది? దాని టైముకి అది మరిగింది. సరిగ్గా మేనత్త నోరు విప్పిన చోట బుస్సుమంది.

"అత్తా! నేను ముందే అనుకున్నా. అత్త పాత్రలకి మన బ్యానర్లో కలిసి రాదు," అన్నారు అచ్యుతరామయ్యగారు.

మేనత్త పోయింది. షెడ్డులో వాటర్ పంపు కూడా పోయి కొత్తది వచ్చింది. మూడో నెరేషన్‌లో కుర్రాడు తల్లి ఫొటో పట్టుకుని ఏడ్చే చోట మరిగింది. ఫొటో పోయింది. అలా ఆవిరి వచ్చిన చోటల్లా కథ కోసుకుంటూ పోయారు. చివరికి ఒక కుర్రాడు హైదరాబాదు వస్తాడు, కొడతాడు. ఎందుకొచ్చాడో ఎవరికీ తెలియదు, వాడికీ తెలియదు. ఆ వెర్షన్‌కి కూడా కారు మరిగింది గాని, తీసేయడానికి ఇంకేమీ మిగల్లేదు.

"ఇప్పుడు చాలా రేసీగా ఉందన్నా," అన్నాడు విహారి. "ఫస్ట్ విన్నప్పుడు కొంచెం లాగ్ ఉండె. ఇప్పుడు ఎక్కడా ఆలోచించాల్సిన పని లేదు."

ఆ రోజు కమలాకర్ కృష్ణానగర్ దాకా నడుచుకుంటూ వచ్చాడు. కత్తెర ఎవరి చేతిలో ఉందో అతనికి అప్పుడే తెలిసింది. అచ్యుతరామయ్యగారు తీసేయమన్నారు, సిద్ధాంతిగారు తీసేయమన్నారు, కారు తీసేయమంది. తీసేసింది మాత్రం తనే. అంతకన్నా ఘోరం ఇంకోటి ఉంది. ఆ రోజు నెరేషన్‌లో తను కథ మీద మనసు పెట్టనే లేదు. ఒక కన్ను టెంపరేచరు ముల్లు మీద పెట్టి, అది పైకి లేస్తుంటే సీన్లు మింగేస్తూ పరుగెత్తాడు. తనకి తన మీదే అసహ్యం వేసింది.

మర్నాడు మధ్యాహ్నం జేవియర్ కారు తీసుకుని షెడ్డుకి వెళుతుంటే తనూ ఎక్కాడు. మెకానిక్ వీళ్ళను చూడగానే చేతులెత్తేశాడు. "సార్, ఇగ మార్చనీకి ఏం మిగల్లేదు. నిలబెట్టి నడిపిస్తె తప్ప నాకు ఎర్క గాదు. నడిపియ్యనియ్యరైతిరి."

"కథ లేకుండా నడపొద్దన్నారండి," అన్నాడు జేవియర్ మళ్ళీ.

"కథ ఉంటే నడపొచ్చు కదా?" అన్నాడు కమలాకర్. "ఇంజిన్ ఆన్ చెయ్యి. బానెట్ ఎత్తు. ఏసీ పెట్టు. నేను చెబుతా."

జేవియర్ ఒక క్షణం ఆలోచించాడు. నియమంలో కథ ఉండాలనే ఉంది గాని, హీరో ఉండాలని లేదు. తాళం తిప్పాడు. మెకానిక్ పాత టైరు మీద కూర్చుని బానెట్ లోపలికి చూస్తున్నాడు. కమలాకర్ షెడ్డు మధ్యలో నిలబడి మొదలుపెట్టాడు. ఇక్కడ పాత్రలు తీసేయమనే నాథుడు లేడు కాబట్టి తల్లి ఫొటో చెప్పాడు, మేనత్తను చెప్పాడు, మెడ తిప్పే పని కూడా లేకపోవడంతో చేతులూపుతూ చెప్పాడు. కుర్రాడు ఇరుకు మెట్లెక్కి, తలుపు కొట్టి, "ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలవండి" అన్న చోటికి వచ్చేసరికి జేవియర్ లోపల్నుంచి, "ముల్లు లేస్తోందండీ!" అని కేక వేశాడు.

"ఆగున్రి, ఆగున్రి," అని మెకానిక్ లేచి వంగి చూశాడు. "ఫ్యాన్ తిరుగుతలేదు. గింత వేడైనా తిరుగుతలేదంటె ఎట్ల? బండి ఉరుకుతుంటె గాలే సల్లబరుస్తది, నిలబడ్డప్పుడు ఫ్యానే దిక్కు. గదీ సంగతి!" ఇంజిన్ ఆపించి, ఫ్యాన్ వెనక చెయ్యి పెట్టి తడిమి, ఒక వైరు కొస బయటికి లాగాడు. దాని ప్లగ్గు ఊడి ఉంది. ప్లగ్గు మూతికి దుమ్ము పట్టకుండా నల్ల టేపు చుట్టి ఉంది. "ఎవడో కావాల్నని పీకిండు సార్. మంచిగ టేపు గూడ పెట్టిండు."

అది షూటింగుల్లో లైటు స్టాండ్లకీ వైర్లకీ చుట్టే వెడల్పాటి నల్ల టేపు. షెడ్డుల్లో ఉండేది కాదు. కమలాకర్ దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. ఎందుకంటే ఆ టేపు చుట్టింది తనే.

పోయిన సినిమాలో జరిగింది. అచ్యుతరామయ్యగారి కారు ప్రతి సినిమాలోనూ ఒక షాటులో కనబడాలి, అదింకో సెంటిమెంటు. ఆ సినిమాకి ముంబై నుంచి వచ్చిన సౌండ్ రికార్డిస్టు డబ్బింగే వద్దని, మాటలన్నీ అక్కడికక్కడే రికార్డు చేస్తానని పట్టుబట్టాడు. ఇదే కారులో, ఇంజిన్ నడుస్తుండగా, హీరో హీరోయిన్లు గుసగుసలాడే సీను. వాళ్ళు నోరు విప్పినప్పుడల్లా బానెట్ కింద ఫ్యాన్ గుయ్యిమనేది. "ఆ చప్పుడు ఆపండి" అని డైరెక్టరు అరిచాడు. అరుపు వినబడితే పరుగెత్తడమే కో-డైరెక్టరు ఉద్యోగం కాబట్టి కమలాకర్ పరుగెత్తి ప్లగ్గు పీకి, టేపు చుట్టి వచ్చాడు. షాటు ఓకే అయింది. అంతలో హీరోయిన్‌కి కొబ్బరినీళ్ళు రాలేదని గొడవ మొదలైంది. ప్లగ్గు సంగతి అక్కడే మరుగున పడింది. ఇంతా చేస్తే, హీరోయిన్‌కి తెలుగు రాదన్న విషయం ఎడిటింగ్‌లో బయటపడి, ఆ గుసగుసలన్నీ మళ్ళీ డబ్బింగే చెప్పించారు. చెప్పింది శాంత.

మెకానిక్ టేపు పీకేసి ప్లగ్గు టక్కున గుచ్చాడు. జేవియర్ మళ్ళీ తాళం తిప్పాడు. ఫ్యాన్ గుయ్యిమంది. ఎర్రగీత అంచున ఉన్న ముల్లు మెల్లగా మధ్యకు దిగి, అక్కడ కుదురుగా కూర్చుంది.

"అయిపాయె," అన్నాడు మెకానిక్ చేతులు తుడుచుకుంటూ. "అది సరే గని సార్, ఆమె పేరు వెట్టి పిలిచిందా లేదా?"

ఇన్ని నెరేషన్లలో తర్వాతేమయిందని ఒక మనిషి అడగడం అదే మొదలు. కమలాకర్ మిగతా కథంతా అక్కడే చెప్పేశాడు. అతనికి చాలా సంతోషం వేసింది. ఆ సంతోషంలో ఒక తెలివి కూడా పుట్టింది. ప్లగ్గు సంగతి ఎవరికీ చెప్పొద్దని జేవియర్ దగ్గర మాట తీసుకున్నాడు. వాళ్ళ శాస్త్రం ప్రకారం కారు మరిగితే కథలో దోషం. అయితే మరగకపోతే కథలో దోషం లేనట్టే కదా? ఉదయశ్రీని పెట్టి మొత్తం కథ చెబుతాను, కారు చల్లగా ఉంటుంది, ఇక కాదనడానికి ఎవడికి నోరుంటుంది? ముల్లును ముల్లుతోనే తీయాలి.

తర్వాతి నెరేషన్‌కి ముందు, అన్నీ మళ్ళీ పెట్టానని, ఈసారి కారే తీర్పు చెబుతుందని కమలాకర్ విన్నవించుకున్నాడు. కారు పేరెత్తేసరికి అచ్యుతరామయ్యగారు కాదనలేకపోయారు. కమలాకర్ ఆ రోజు చెప్పినట్టు జన్మలో ఎప్పుడూ చెప్పలేదు. ముల్లు వంక ఒక్కసారి కూడా చూడలేదు. తల్లి ఫొటో వచ్చింది, మేనత్త వచ్చింది, ఉదయశ్రీ తలుపు తీసింది. ఏసీ మంచులా వీస్తోంది. విహారి జాకెట్ జిప్పు మెడ దాకా లాక్కున్నాడు. ఇంటర్వెల్ దాటింది, రెండో సగం నడిచింది. ఉదయశ్రీ ఆఖరి మాట తన యాసలో చెప్పి తలుపు వేసుకుంది. కమలాకర్ కళ్ళు తుడుచుకుని, మెడ నొక్కుకుంటూ, వెనక సీటు వంక చూశాడు.

అచ్యుతరామయ్యగారు చాలాసేపు బానెట్ వంకే చూస్తూ కూర్చున్నారు.

"వేడి లేదయ్యా," అన్నారు చివరికి.

"సార్?"

"మొదట్నుంచి చివరిదాకా చల్లగా ఉంది. ఎక్కడా రైజ్ కాలేదు. పోయినసారి చెప్పావు చూడు, కొట్టే వెర్షను, దానికి బానెట్ ఎగిరిపోయినంత పనయింది. అదీ మాస్ అంటే!"

"నాకైతే అప్పుడు రోమాలు లేచినయ్ సార్," అన్నాడు విహారి. "ఈ రోజు చలికి లేచినయ్ అంతే."

మొన్నటిదాకా ఆవిరి దోషం, ఇవాళ్టి నుంచి ఆవిరి గుణం. కమలాకర్ తల తిరిగింది. ఇంతకాలం లోపల కుక్కుకున్నదంతా ఒక్కసారి పైకి వచ్చింది. "సార్, అదంతా ఫ్యాను సార్!" అని అరిచినంత పని చేశాడు. ప్లగ్గు పీకింది తనేనని, టేపు చుట్టింది తనేనని, కారు నిలబడితే ఎప్పుడైనా అంతసేపటికే మరిగేదని, అప్పుడు రామాయణం చెప్పినా మరిగేదేనని, ఇప్పుడు ప్లగ్గు పెట్టేశారు కాబట్టి ఏ కథకీ మరగదని చెప్పేశాడు. "కథకీ దానికీ ఏ సంబంధమూ లేదు సార్!"

బానెట్ కింద ఫ్యాన్ గుయ్యిమంటూనే ఉంది. అచ్యుతరామయ్యగారు జేవియర్ని అడిగారు. జేవియర్ నిజమేనండి అన్నాడు. ఆయనకి కోపం రాలేదు. ముఖం పాలిపోయింది. ఇన్నేళ్ళ నిర్మాత, చేతికర్ర జారిపోయిన ముసలివాడిలా అటూ ఇటూ చూశారు.

"అయితే మరి కథ బాగుందో లేదో ఎలా తెలుస్తుందయ్యా?" అన్నారు. వెటకారం కాదు. నిజంగానే అడిగారు.

"విని, సార్."

"విన్నాను కదయ్యా! అందుకే అడుగుతున్నా." ఆయన విహారి వైపు చూశారు. బాబుగారు ఫోన్లోకి చూశారు. దిక్కుతోచక, "ఒరే జేవియరూ, నువ్వూ అన్నిసార్లూ విన్నావుగా, నీకెలా ఉందిరా?" అన్నారు.

జేవియర్‌కి ఇద్దరు పిల్లలు, ఇంటి అద్దె. "తమరి ఇష్టమేనండి," అన్నాడు.

అప్పుడు అచ్యుతరామయ్యగారి ముఖంలోకి నెత్తురు తిరిగి వచ్చింది. ఆయన కమలాకర్ భుజం మీద చెయ్యి వేశారు.

"అయినా పీకింది నువ్వేనన్నావు చూడు, అక్కడుందయ్యా దైవలీల! కథ రాసినవాడి చేతే ప్లగ్గు పీకించాడు భగవంతుడు. నువ్వు పీకబట్టి సరిపోయింది. లేకపోతే ఆ డబ్బింగావిడ కథలో ఉండిపోయేది, మనందరం మునిగిపోయేవాళ్ళం! తీసేసినవి తీసేసినట్టే ఉంచు. కొట్టే వెర్షనే చేద్దాం. డైరెక్షన్ నువ్వే. ముహూర్తం సిద్ధాంతిగారినడిగి పెడతా."

డైరెక్షన్ నువ్వే. ఆ మాట కోసం కమలాకర్ సగం జీవితం ఎదురుచూశాడు. ఉదయశ్రీ సంగతి ఇప్పుడే తేల్చుకోవాలని నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏం వస్తుందో పసిగట్టినట్టు పెద్దాయన మరింత ఉదారంగా నవ్వారు.

"మీ ఆవిడ కూడా డబ్బింగే కదూ? ఇంకేం, హీరోయిన్‌కి ఆవిడ చేతే చెప్పిద్దాం. మన సినిమా, మన మనిషి. సంతోషమేనా?"

"సంతోషం సార్," అన్నాడు కమలాకర్. ఆ మాట తనదేనా అని వెనక్కి తిరిగి చూసుకోవాలనిపించింది. అప్పటికే మెడ పట్టేసింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి శాంత కూరగాయలు తరుగుతోంది. అతని ముఖం చూడగానే కత్తిపీట పక్కకు జరిపి, "ఏమైందయ్యా? కారు మంచిగైందా?" అంది.

"అయింది. కథ ఓకే అయింది. డైరెక్షన్ నాకే ఇచ్చిండ్రు."

శాంత లేచి నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మరి గా తలుపు తీసే సీను ఎట్లనిపిచ్చిందంట? నా డైలాగులేమన్న మార్చమన్నరా?"

కమలాకర్ చెప్పాడు. దాచుకోకుండా, మొదటి రోజు నుంచీ చెప్పాడు. ప్లగ్గు సంగతి చెప్పాడు, సరేనన్న సంగతి చెప్పాడు. చివరికి, ఇదేదో పండగ కబురన్నట్టు గొంతు పెంచి, "హీరోయిన్‌కి డబ్బింగ్ మాత్రం నీకే" అన్నాడు. చెప్తున్నప్పుడే ఆ మాట ఎంత నీచంగా ఉందో అతనికి వినబడింది.

ఆమె తిడుతుందనుకున్నాడు. సిద్దిపేట తిట్లు అతనికి కొత్త కాదు. అవి పడితే గుండె బరువు దిగేది. ఆ తిట్ల కోసమే తల వంచుకుని నిలబడ్డాడు.

శాంత కొంగుతో చేతులు తుడుచుకుంది. గొంతు సవరించుకుంది. ఇరవయ్యేళ్ళ పిల్ల గొంతుతో, ఒక్క అక్షరం కూడా అటూ ఇటూ పోకుండా, తేనె పోసినట్టు అంది.

"కంగ్రాచ్యులేషన్సండీ, డైరెక్టర్ గారూ. కాళ్ళు కడుక్కుని రండి, వడ్డిస్తాను."

భోజనాల దగ్గర కూడా అదే గొంతు. ఇంకొంచెం అన్నం పెట్టనాండీ, మజ్జిగ పోయనాండీ. కమలాకర్ తింటూ, ఆమె సొంత గొంతు వస్తుందేమోనని ఎదురుచూస్తూ కూర్చున్నాడు. రాలేదు.